బీరువల తాళమేసిన సైన్సు

నేను సైన్సు సారుగ కొలువుల చేరింది 1988ల. మొదటి రోజు నా చేతికొచ్చిన మొదటి వస్తువు పుస్తకం కాదు, చాక్‌పీసు కాదు. ఒక తాళంచెయ్యి. పెద్దసారు దాన్ని నా చేతుల పెట్టి రెండు పేజీల లిస్టు మీద సంతకం తీసుకున్నడు. బీకర్లు ఇన్ని, పరీక్షనాళికలు ఇన్ని, కుంభాకార కటకాలు నాలుగు, దండాయస్కాంతాలు రెండు జతలు, స్ప్రింగు త్రాసు ఒకటి. "తెరిస్తె తెరువు గని పైలం. ఏదన్న పగిలితె జీతంల రికవరీ పడ్తది" అన్నడు. ఆయన చెడ్డోడేం కాదు. తనకు ముందున్న సారు రిటైరైనప్పుడు రెండు కటకాలు లెక్కకు రాలేదని కాగితాలు ఎన్ని నెలలు ఆగినయో కండ్లార చూసిన మనిషి.

ఆ ఏడాది నేను ఆ బీరువ మూడుసార్లు తెరిచిన. మూడుసార్లూ ఇన్‌స్పెక్షన్‌కే.

మరి కటకం పాఠం ఎట్ల చెప్పినవయా అంటె, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన. మధ్యల మందంగ, అంచులకు సన్నగ ఉంటదని రాయించిన. నాభి, నాభ్యంతరం, కాంతి కిరణం, నిజ ప్రతిబింబం, మిథ్యా ప్రతిబింబం. పిల్లలు ముద్దుగ గీసుకున్నరు. పరీక్షల రాసిన్రు. పాసైన్రు. అసలు కటకం పది అడుగుల దూరంల ఇనుప బీరువల ఉన్నది. అది నా దగ్గర పదో తరగతి చదివిన ఏ ఒక్క పిల్లగాని చేతికీ ఆ ఏడు అందలేదు. ఇది నా ఒక్కని ముచ్చటే అయితె ఈ పేజీల రాసుకునే అవసరం లేదు. ఈ పత్రిక చదివే సార్లు, మేడమ్‌లు గుండెమీద చెయ్యేసుకొని చెప్పాలె, మీ బడిల బీరువ కిందటిసారి ఎప్పుడు తెరిచిన్రు?

ఆ తాళంచెయ్యి ముప్ఫై ఏండ్లు నా జేబుల ఉన్నది. అది తప్పని నాకు తెలిసొచ్చింది 2019 ఎండకాలం సెలవులల్ల. బిడ్డ దగ్గరికి అమెరికా పోయిన. సాన్‌ఫ్రాన్సిస్కో నగరంల సముద్రపు ఒడ్డున, ఒకప్పుడు ఓడలు ఆగిన పియర్ 15 మీద ఎక్స్‌ప్లోరటోరియం అని ఒక మ్యూజియం ఉన్నది. తొమ్మిదేండ్ల మనుమడు చెయ్యి పట్టి గుంజుకపోయిండు. లోపలికి పోతె అది మ్యూజియం తీరుగనే లేదు. గోదాం తీరుగ ఉన్నది. అద్దాల పెట్టెలు లేవు, తాళ్ళు కట్టలేదు, "తాకరాదు" అన్న బోర్డు ఒక్కటి కానరాలేదు. ఏడ చూసినా పిల్లలు తిప్పుతున్నరు, ఊదుతున్నరు, గుంజుతున్నరు. మనుమడు ఒక సైకిల్ చక్రం మీద చెయ్యేసిండు. నాకు తెలువకుంటనే నోట్లె నుంచి మాట వచ్చింది: "ముట్టకు బిడ్డా!"

పక్కన నిలబడ్డ పిల్ల నవ్వింది. పదహారు పదిహేడేండ్లుంటయి. ఇంటర్ చదివే ఈడు. అక్కడ అటువంటి పిల్లలను ఎక్స్‌ప్లెయినర్లు అంటరు. హైస్కూల్ పిల్లలనే పెట్టుకొని, జీతమిచ్చి, చూడవచ్చినోళ్ళతోని మాట్లాడిపిస్తరు. ఆ పిల్ల నన్ను తిరిగే కుర్చీల కూసోబెట్టి ఆ చక్రాన్ని గిర్రున తిప్పి నా రెండు చేతులకు ఇచ్చింది. వంచమన్నది. వంచిన. కుర్చీ నాతోని సహా తిరిగింది! చక్రాన్ని అటు వంచితె ఇటు, ఇటు వంచితె అటు. కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం అన్న మాట నేను కాలేజీల చదువుకున్ననాటి నుంచి నోటికొచ్చు. సూత్రం రాయగలుగుత. లెక్క చెయ్యగలుగుత. కని చక్రం మన చేతికి ఎదురుతిరిగి గుంజుతదని, ఆ గుంజుడు మణికట్టుకు తెలుస్తదని యాభై ఏడేండ్లకు తెలిసింది నాకు. సిగ్గు అనిపించింది. తర్వాత కోపమొచ్చింది. ఆ చక్రానికీ ఆ కుర్చీకీ మనకాడ అయ్యే ఖర్చు ఎంత? చక్రం ఏ సైకిల్ దుకాణంలనైనా దొరుకుతది. తిరిగే కుర్చీ ప్రతి బడిల ఉన్నది, పెద్దసారు రూంల. ఆయన ఒక గంట లేచి నిలబడితె చాలు.

ఈ మ్యూజియం పెట్టిన మనిషి కథ తెలిస్తె మన పాఠకులకు ఇంకింత దగ్గరితనం అనిపిస్తది. పేరు ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. అణుబాంబు తయారీకి నాయకత్వం చేసిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు సొంత తమ్ముడు. తనూ భౌతిక శాస్త్రవేత్తే, తనూ ఆ ప్రాజెక్టుల పనిచేసినోడే. యుద్ధం అయిపోయినంక విశ్వవిద్యాలయంల పాఠం చెప్పుకుంటున్నడు. 1949ల అమెరికా పార్లమెంటు కమిటీ ముందు నిలబెట్టిన్రు. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీల సభ్యునివేనా అంటె, అవును అన్నడు. తోటోళ్ళ పేర్లు చెప్పుమంటె మాత్రం చెప్పనన్నడు. అంతె. కొలువు పోయింది. ఏ విశ్వవిద్యాలయమూ మళ్ళ పిలువలేదు. తండ్రి నుంచి వచ్చిన వాన్ గో చిత్రం ఒకటి అమ్ముకొని కొలరాడో కొండలల్ల భూమి కొని ఆలుమొగలు పసులను కాసుకుంట బతికిన్రు. పదేండ్ల దాక అట్లనే గడిచింది.

1957ల ఆ చిన్న పట్నంల ఉన్న హైస్కూలుల పాఠం చెప్పనిచ్చిన్రు. ల్యాబు అంతంతమాత్రం. ఈయన ఏం చేసిండంటె పిల్లలను తోలుకొని ఊరి చెత్తకుప్ప మీదికి పోయిండు. పాత మోటర్లు, స్ప్రింగులు, తీగెలు ఏరుకొచ్చి వాటితోనే భౌతికశాస్త్రం చెప్పిండు. రెండేండ్లకు విశ్వవిద్యాలయం మళ్ళ పిలిస్తె అక్కడా ఇదే పని. ప్రయోగాలను గ్రంథాలయం తీరుగ పరిచి పెట్టిండు. పుస్తకం కావాలంటె ఎట్ల పోయి తీసుకుంటమో, అట్ల పిల్లలు తమకు వీలైనప్పుడు పోయి తమకు నచ్చిన ప్రయోగం చేసుకోవాలె. మనకాడ ప్రయోగం అంటె వారానికొక పీరియడు, అదీ టైంటేబుల్ మీదనే. ఈయన దాన్ని తలుపులు తెరిచిన లైబ్రరీ చేసిండు.

1969ల, 1915 నాటి ఒక ప్రదర్శనకు కట్టిన పాత భవనం నగరపాలక సంస్థ ఇస్తె, అందుల ఎక్స్‌ప్లోరటోరియం మొదలుపెట్టిండు. పెద్ద ప్రారంభోత్సవమేం లేదు. తలుపులు తెరిచిన్రు, జనం వచ్చిన్రు. అప్పటికి లోపల వస్తువులు కొన్నే ఉన్నయి. మిగిలినయి జనం ముందటనే తయారు చేసుకుంట పోయిన్రు. 1985ల ఆయన చనిపోయిండు. 2013ల మ్యూజియం ఇప్పుడున్న సముద్రపు ఒడ్డుకు మారింది. మ్యూజియంల ఎవ్వరూ ఫెయిలు కారు అని ఆయన అంటుండెనట. ఫెయిలు అన్న మాటకు బావులల్ల దుంకి, ఉరిపోసుకొని సచ్చిపోయిన ఇంటర్ పిల్లల వార్తలు ప్రతి ఎండకాలం చదివే మనకు ఈ మాట విలువ ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

నాకు అన్నిటికంటె నచ్చింది సైకిల్ చక్రం కాదు. ఆ మ్యూజియం వర్క్‌షాపు. మన దిక్కు అయితె మరమ్మతు రూం వెనుక మూలకు, మెట్ల కింద ఉంటది. అక్కడ జనం నడిచే తొవ్వ పక్కన్నే ఉన్నది. లేతు మిషన్లు, రంపాలు, వెల్డింగు, అన్నీ కనబడ్తయి. ఇవ్వాళ విరిగిన వస్తువు ఇవ్వాళ్నే ఎట్ల బాగయితున్నదో పిల్లలు నిలబడి చూస్తరు. వస్తువు ముట్టుకుంటె అరుగుతది, అరిగితె విరుగుతది, విరిగితె అతికియ్యాలె. ఇది వాళ్ళు ముందుగాల్నే ఒప్పుకున్న లెక్క. మనం ఒప్పుకోని లెక్క. మన సైన్సు సెంటర్లల్ల ఎన్నిటిల చూస్తలేము, మీట నొక్కితె బుగ్గ వెలగదు, పైన "పని చేయుట లేదు" అని కాగితం అతికిచ్చి ఉంటది. ఆ కాగితం కూడ పాతబడి పసుపుపచ్చ అయి ఉంటది. శిలాఫలకానికి పైసలుంటయి, స్క్రూడ్రైవర్ పట్టే మనిషికి జీతం ఉండదు.

ఇంకొక సంగతి. ఆ మ్యూజియం తన గుట్టు దాచుకోలేదు. 1975 నుంచి మూడు సంపుటాలుగ ఒక వంటల పుస్తకం వేసింది. వంటల పుస్తకం అనే దానికి పేరు. వండేది కూర కాదు, ప్రదర్శన వస్తువులు. ఏ వస్తువుకు ఏ సామాన్లు కావాలె, ఎట్ల బిగియ్యాలె, ఏది తొందరగ చెడిపోతది, అన్నీ రాసి పెట్టిన్రు. రెండువందల చిల్లర వస్తువులు. ఏ దేశంల ఎవరైనా చేసుకోవచ్చు. 1984ల సైన్సు సార్ల కోసమని ఒక శిక్షణ సంస్థ పెట్టిన్రు. ఆ సార్లు ఏమన్నరంటె, మీ వస్తువులు బాగనే ఉన్నయి గని మా తరగతి గదిల పట్టయి, మాకు చిన్నయి కావాలె. తర్వాత తామే చేసుకున్నరు. పెద్ద వంట కాదు గదా, చిరుతిండి అని పేరు పెట్టుకున్నరు. 1991ల ఆ చిరుతిండ్ల పుస్తకం వచ్చింది. నూరుకు పైగ ప్రయోగాలు. ఇప్పుడు అవి ఇంటర్నెట్టుల పైస ఖర్చు లేకుంట దొరుకుతయి.

ఒకటి చెప్త. అందరి ఇంట్ల ఉన్నదే, నిలువుటద్దం. అద్దం అంచు సరిగ్గ మీ ముక్కు నడుమకు వచ్చేటట్టు నిలబడాలె. సగం పెయ్యి అద్దం ముందట, సగం అద్దం వెనుక. ఎదురుంగ ఉన్నోళ్ళకు ముందటి సగం, దాని ప్రతిబింబం కలిసి నిండు మనిషి కనబడ్తడు. ఇప్పుడు ముందటి కాలు లేపాలె. వెనుక కాలు భూమి మీదనే ఉన్నది, కని అది కానరాదు. చూసేటోళ్ళకు రెండు కాళ్ళూ గాలిల లేసినట్టే! చెయ్యి కూడ ఆడిస్తె మనిషి ఎగిరినట్టే. తరగతిల ఇది చేసి చూడుండ్రి. నవ్వులు ఆగినంక ఒక పిల్లగాడైనా అడుగుతడు, మనిషికి కుడి ఎడమలు సమానంగ లేకపోతె ఇట్ల కనబడేదా అని. సౌష్ఠవం అన్న మాట అప్పుడు చెప్పాలె. ముందు కాదు.

ఈ ముందు, ఎనుక అన్న దాంట్లనే అసలు కిటుకు ఉన్నదని నాకు ఆ పుస్తకం చదివినంక అర్థమైంది. అందుల ప్రతి ప్రయోగానికి ముందు సామాన్లు, బిగించే పద్ధతి ఉంటయి. తర్వాత, చేసి గమనించు అని ఉంటది. అంతా అయినంకనే, ఏం జరుగుతున్నది అనే వివరణ. మన పిల్లల రికార్డు బుక్కు తీసి చూడుండ్రి. ఉద్దేశం, సూత్రం, పరికరాలు, విధానం, ఫలితం. ఫలితం మొదలే తెలుసు. లోలకం కట్టకముందే గురుత్వ త్వరణం 980 అని పిల్లగానికి తెలుసు. ఇగ చేసుడెందుకు? వెనుక నుంచి లెక్కగట్టి రీడింగులు రాస్తడు. మొదటి రీడింగు, రెండో రీడింగు, సగటు 979.8. ఎంత ముచ్చటగ కుదురుతదో! నేను ముప్ఫై రెండేండ్లు ఆ రికార్డుల మీద సంతకాలు పెట్టిన. పిల్లలకు మనం అబద్ధం రాయ నేర్పింది సైన్సు రికార్డులతోనే అని ఒప్పుకోనీకి నాకిప్పుడు వెనుకముందు లేదు.

ఇంటర్‌ల సంగతి ఇంకా ఘోరం. ప్రాక్టికల్స్‌కు ఫిజిక్సుల 30 మార్కులు, కెమిస్ట్రీల 30 మార్కులు. ఎంసెట్ అయితేంది, పేరు మార్చుకున్న ఈఏపీసెట్ అయితేంది, నీట్ అయితేంది, జేఈఈ అయితేంది, ఏ ఒక్క దాంట్ల చేతిపని అడగరు. అడగనిది చెప్పరు. డబ్బాల లెక్క ఉన్న అపార్ట్‌మెంట్లల్ల నడిచే కాలేజీలల్ల ల్యాబులు ఎప్పుడు తెరుస్తరంటె, పరీక్షకు ముందట వారం. అంచనాల ప్రకారం, అనుభవాల ప్రకారం కాదు, ఆ పిల్లలే చెప్పే మాట ఇది. మా ఊరి పిల్లగాడొకడు రెండేండ్లు ఎంపీసీ చదివి వెర్నియర్ కాలిపర్స్‌ను మొదటిసారి పరీక్షనాడే ముట్టుకున్నడు.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డం తగిలిండు. "అన్నా, అది అమెరికా. పైసలున్నోళ్ళు. మన సర్కారు బళ్ళకు చాక్‌పీసులకే గతి లేదు. ఎందుకయ్యే ముచ్చట చెప్పు" అన్నడు. న్యాయమైన మాటే. ఆయనకు నేను చెప్పింది అమెరికా కాదు, హోషంగాబాద్.

మధ్యప్రదేశ్‌ల నర్మద ఒడ్డున అప్పటి హోషంగాబాద్ జిల్లా. 1972ల కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి 16 మాధ్యమిక బడులల్ల ఒక పని మొదలుపెట్టినయి. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఎండకాలం సెలవులల్ల పల్లెటూరి సార్లతోని కలిసి కింద కూసున్నరు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కొత్త పుస్తకాలు రాసిన్రు. ఆ పుస్తకంల జవాబులు ఉండయి. ప్రయోగం చేస్తెనే జవాబు. ప్రతి బడికి ఒక సామాన్ల పెట్టె. ఆకులు ఏరాలె, గింజలు మొలకెత్తియ్యాలె, పొలాలల్ల తిరగాలె. పరీక్షల పుస్తకం ముందట పెట్టుకొని రాయొచ్చు, ఎందుకంటె బట్టీ పడితె రాసేదేమీ లేదు. ప్రయోగం చేసి చూపెట్టే పరీక్ష వేరే. పిల్లలు సందేహాలు రాసి పంపనీకి సవాలీరామ్ అని ఒక పేరు పెట్టిన్రు. అటువంటి మనిషి ఎవ్వరూ లేరు, కని ఆ పేరు మీద వచ్చిన ఉత్తరాలకు జవాబులు పోయేటియి. 1978 నాటికి జిల్లా అంతట పాకింది. 1982 నుంచి ఏకలవ్య సంస్థ దాన్ని నడిపింది.

ఆ హోషంగాబాద్‌కే 1978ల ఒక ఇంజనీరు కంపెనీ కొలువుకు ఏడాది సెలవుపెట్టి వచ్చిండు. అరవింద్ గుప్తా. వారం అంగడిల తిరుగుకుంట సైకిల్ వాల్‌ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కొన్నడు. ట్యూబు ముక్కను కీలు చేసి అగ్గిపుల్లలు గుచ్చితె త్రిభుజమైంది. చతురస్రం చేసి నొక్కితె వంగిపోయింది, త్రిభుజం వంగలేదు. వంతెనలకు, ఇంటి దూలాలకు త్రిభుజాలు ఎందుకుంటయో పదేండ్ల పిల్లకు వేలికొనలకు తెలిసిపోయింది. అర్ధ రూపాయి ఖర్చు. ఆయన చేసిన బొమ్మలు, పుస్తకాలు ఇవ్వాళ ఎన్నో భాషలల్ల ఉచితంగ దొరుకుతయి, తెలుగుల కూడ ఉన్నయి. 2018ల పద్మశ్రీ ఇచ్చిన్రు.

కని పద్మశ్రీ ఇచ్చిన దేశమే ఆ కార్యక్రమాన్ని ఏం చేసిందో కూడ తెలుసుకోవాలె. 2002ల మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాన్ని మూసేసింది. అప్పటికి వెయ్యి బడుల దాక, లక్ష మంది పిల్లల దాక పాకిన కార్యక్రమం అది. రాష్ట్రమంతట ఒకే పుస్తకం ఉండాలె, బోర్డు మార్కులు తక్కువొస్తున్నయి అన్న వాదనలు ముందుకు తెచ్చిన్రు. మూడు దశాబ్దాల పని ఒక్క ఉత్తర్వుతోని పోయింది. దేశంల ఉన్న పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వద్దని రాసినా వినలేదు. అందుకే మిత్రునికి చెప్పిన. పైసలు లేక ఆగలేదు తమ్మీ, ప్రశ్న అడిగే పిల్ల ఎవ్వరికీ అక్కర లేక ఆగింది.

మరి మన సంగతి. హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద 1985ల బిర్లా ప్లానెటోరియం, 1990ల సైన్స్ మ్యూజియం వచ్చినయి. అక్కడ ఒక పెద్ద అస్థిపంజరం నిలబడి ఉంటది. కోటసారస్ అనే రాక్షసబల్లి. అది ఏ హాలీవుడ్డు నుంచి వచ్చింది కాదు, మన ప్రాణహిత–గోదావరి లోయల యామనపల్లి దగ్గర దొరికింది. 1970ల చివరల భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తవ్వితె ఎనిమిది వందలకు పైగ ఎముకలు బయటపడ్డయి. ఒక్క జంతువుయి కావు, కనీసం పన్నెండింటియి. 1988ల పి. యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టిండు. కోటసారస్ యామనపల్లియెన్సిస్. ప్రపంచంల ఏ మూల ఆ జంతువు గురించి రాసినా మన ఊరి పేరు రాయాల్సిందే. పదిహేను కోట్ల ఏండ్ల పైమాట పాత ముచ్చట అది. ఆ లోయల బడికి పోయే పిల్లలల్ల ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఒక్క ఎముక అచ్చు, ఉత్త ప్లాస్టర్‌దైనా సరే, ఆ బడి టేబుల్ మీద ఉంటె ఆ పిల్ల దాన్ని తడిమి చూసి ఏమనుకుంటదో!

మనం చేసేది ఏందంటె, ఏడాదికొకసారి విహారయాత్ర పేరు మీద బస్సు మాట్లాడ్తం. పొద్దున జూ, పగటీలి సైన్సు మ్యూజియం, సాయంత్రం ట్యాంక్‌బండ్. అరవై మంది పిల్లలు లైన్ల నిలబడాలె, ముందటోని భుజం మీద చెయ్యేయాలె, ఏదీ ముట్టొద్దు, మాట్లాడొద్దు, తొందర తొందర. ఒక బుద్ధిమంతుడు నోట్‌బుక్కు తీసి బోర్డుల మీద రాసింది రాసుకుంటడు. ఆ బస్సుల కూడ ఛార్జీ కట్టగలిగిన పిల్లలే ఉంటరు. మిగిలినోళ్ళు ఆ రోజు బడికి వచ్చి గ్రౌండుల ఆడుకుంటరు. తప్పు మ్యూజియంది కాదు, మాది. నేను కూడ అట్లనే తోలుకపోయిన, విజిల్ ఊదుకుంట.

సైన్సు పిల్లల దగ్గరికే పోవాలె అన్న ఆలోచన కొత్తదేం కాదు. కలకత్తాల ఉన్న బిర్లా పారిశ్రామిక మ్యూజియం 1965లనే బస్సుల ప్రదర్శన పెట్టి పల్లెటూరి బళ్ళకు తిప్పింది. అప్పటికి టీవీ కూడ లేని ఊర్లు. అరవై ఏండ్ల తర్వాత మనకు 33 జిల్లాలున్నయి. ప్రతి జిల్లా కేంద్రంల కలెక్టరేటు కట్టుకున్నం. దాని పక్కన ఒక రేకుల షెడ్డు, యాభై ముట్టుకునే వస్తువులు, ఒక వర్క్‌షాపు, తిరగనీకి ఒక పాత ఆర్టీసీ బస్సు అడిగితె గొంతెమ్మ కోరిక అంటరా? వస్తువులు చేసేటోళ్ళు ప్రతి జిల్లాల ఉన్నరు. ఐటీఐల ఫిట్టరు, వెల్డరు, కార్పెంటరు చదివే పిల్లలు ఉన్నరు, పాలిటెక్నిక్ పిల్లలు ఉన్నరు. ఒక్క ఏడు వాళ్ళ ప్రాజెక్టు పని ఇదే అనుండ్రి. వంటల పుస్తకం ఉండనే ఉన్నది. ఎక్స్‌ప్లెయినర్లుగ డిగ్రీ కాలేజీ పిల్లలను పెట్టుండ్రి, జీతమియ్యుండ్రి. పైసలుంటె బస్సుపాసుకు, మెస్సు బిల్లుకు పనికొస్తయి. ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడు మనకు ఎంత తెలువదో తెలుస్తది, ఆ లాభం వేరే.

కేంద్రం 2016ల మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల దాక ఇచ్చింది. త్రీడీ ప్రింటర్లు వచ్చినయి, రోబో కిట్లు వచ్చినయి. వద్దనను. బాగ నడిపే సార్లు ఉన్నరు. కని చాలా కాడ ఏమైందో చెప్పాల్నా? బీరువ పెద్దదైంది, తాళం మారింది. వెయ్యి రూపాయల కటకానికే భయపడ్డ సారు లక్ష రూపాయల మిషన్‌ను పిల్లల చేతికి ఇస్తడా? స్టాక్ రిజిస్టర్ అదే, ఆడిట్ అదే, రికవరీ అదే. అందుకే ఉద్యోగ సంఘాలల్ల ఉన్న మిత్రులకు నాదొక విన్నపం. పీఆర్సీ కోసం కొట్లాడినం, డీఏల కోసం కొట్లాడుతున్నం, మంచిదే. ఈ ఒక్క డిమాండు కూడ ఆ కాగితం మీద రాయుండ్రి: ప్రయోగంల పగిలిన సామానుకు సారు జవాబుదారు కాదు. ఏడాదికి ఇంత అని తరుగు కింద రాసే హక్కు బడికి ఉండాలె. పది బీకర్లల్ల మూడు పగిలినయంటె ఆ బడిల పాఠం నడిచిందన్నట్టు. పదికి పది మెరుస్తున్నయంటె ఆ సారునే పిలిచి అడగాలె. ఇది అమలు చేయనీకి ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక జీవో చాలు.

పరీక్ష సంగతి కూడ అంతే. పదో తరగతి ప్రశ్నపత్రంల ఒక్క ప్రశ్న, చేసి చూసినోడే రాయగలిగేది పెట్టుండ్రి. ఉప్పునీళ్ళల్ల నిమ్మకాయ వేస్తె ఏమైంది అని కాదు, మీ ఇంటి బాయినీళ్ళల్ల వేస్తె ఏమైంది, ఎందుకు? గైడుల దొరకని ప్రశ్న వచ్చిందంటె, గైడు అమ్మేటోడు కూడ ప్రయోగం చెయ్యక తప్పదు.

విద్యార్థి మిత్రులారా, సర్కారు చేసేదాక మీరు ఎదురుచూడొద్దు. సైన్స్ ఫేర్ వస్తున్నదంటె పట్నం పోయి దుకాణంల థర్మకోల్ అగ్నిపర్వతం కొనుక్కొచ్చే పని మానుండ్రి. మీ ఊరి పంచర్ దుకాణం, పాతసామాన్ల దుకాణం చాలు. ఓపెన్‌హైమర్‌కు చెత్తకుప్ప చాలింది.

అమెరికా నుంచి వచ్చినంక నాకు ఇంకొక ఏడాది కూడ కొలువు లేదు. తాళంచెయ్యి తీసి తొమ్మిదో తరగతి పిల్లలకే ఇచ్చిన. పగిలితె నా జీతంల పట్టుకోనీ అనుకున్న. ఆ మ్యూజియంల ఎక్స్‌ప్లెయినర్ పిల్లలు ఆవు కన్ను కోసి చూపెట్టుడు చూసిన. మనకాడ ఆవు కన్ను ఏడ తెస్తం? మటన్ దుకాణపాయనను అడిగితె ఐతారం నాడు ఆరు మేక కన్నులు కవరుల కట్టిచ్చిండు, పైసలు తీసుకోలేదు. సోమారం టిఫిన్ డబ్బల పెట్టుకొని బడికి తీసుకపోయిన. ముందు అందరు ముక్కు మూసుకున్నరు. బ్లేడుతోని కోస్తె నీళ్ళు కారినయి, జిగురు తీరుగ ఒక ముద్ద వచ్చింది, దాని ముందు గోలీ అంత కటకం. కడిగి న్యూస్‌పేపర్ మీద పెడితె కిందున్న అక్షరం పెద్దగ అయింది. ముక్కు మూసుకున్న చేతులన్నీ ముందటికొచ్చినయి. ముప్ఫై రెండేండ్లు బోర్డు మీద గీసిన బొమ్మ అది. ఆ రోజు బీరువల నుంచి గాజు కటకం తీసి పక్కన పెట్టిన్రు పిల్లలే, రెండూ ఒక్కటే పని చేస్తున్నయా అని చూసుకుంటందుకు.

గొల్లవాడ నుంచి వచ్చే పిల్లగాడు, పాఠంల ఎప్పుడూ నోరు తెరవనోడు, కన్ను వెనుక గోడను వేలుతోని తుడుస్తున్నడు. సన్నటి పొర జరిగితె దాని కింద నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపు. నెమలీక తీరుగ. వాడు తలెత్తి, "సార్, రాత్రి మంద కాడ బ్యాటరీ కొడ్తె మేకల కండ్లు మెరుస్తయి గదా, గిదేనా?" అన్నడు. నేను పుస్తకంల ఎన్నడూ చదవలేదు, పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. లోపలికి వచ్చిన వెలుగును ఆ పొర అద్దం లెక్క తిప్పికొడ్తది, చీకట్ల చూపు కోసమని, మనుషులకు ఆ పొర ఉండదు అని తర్వాత చదివి తెలుసుకున్న. అప్పటికి మాత్రం, తెలువదు బిడ్డా, చూద్దాం అన్న. ఇంకో పిల్ల లేచి కిటికీలకు కట్టనీకి మధ్యాహ్న భోజనం పట్టలు తేనీకి ఉరికింది. ఒకడు నా ఫోను అడిగిండు, లైటు కోసం.